ఏనుగుల పల్లెల్లో డాక్యుమెంటరీ చూపిస్తే జనం వైఖరి మారుతుందా?

మీరు అడిగింది ఇది: పలమనేరు దగ్గర హైస్కూల్లో ఎకో క్లబ్ నడుపుతున్నారు, పిల్లలకూ, కౌండిన్య అడవి అంచు పల్లెల్లో పెద్దలకూ వన్యప్రాణుల డాక్యుమెంటరీలు చూపించాలనుకుంటున్నారు. వాటివల్ల జంతువుల మీద జనం వైఖరి నిజంగా మారుతుందా, మారేట్టయితే ఏవి చూపించాలి, ఎలా చూపించాలి, ఫలితం ఎలా కొలవాలి?

తప్పకుండా చూపించండి. అయితే ఏది మారుతుందో, ఏది మారదో ముందే తెలుసుకుని దిగండి. ఎక్కడో ఉన్న జంతువు మీద ఇష్టం, దాని గురించి తెలివిడి సినిమాతో తేలిగ్గా పెరుగుతాయి. తన చెరకు తోటలో ఏనుగు దిగిన రాత్రి రైతు ఏం చేస్తాడన్నది ఒక్క సినిమాతో మారదు. అది మారాలంటే సినిమాలో అతని ఊరు, అతని జంతువు కనిపించాలి. చూసి లేచేటప్పటికి చేయదగ్గ పని ఒకటి తెలిసుండాలి. ఆ పని చేసినప్పుడు అటవీ శాఖ నుంచి జవాబు రావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా సినిమా బాగుందని చెప్పి ఇంటికెళ్లి కంచెకు కరెంటు తీగ తగిలించేవాళ్లు తగిలిస్తూనే ఉంటారు.

ఈ మాటకు ఆధారాలున్నాయి. బీబీసీ 2016లో ప్రసారం చేసిన ‘ప్లానెట్ ఎర్త్ 2’ సిరీస్ మీద పరిశోధకులు ట్విట్టర్ మాటలు, వికీపీడియా చూసినవాళ్ల లెక్కలు తీసి 2020లో ప్రచురించారు. తెర మీద కనిపించిన జంతువుల గురించి జనం వెతకడం బాగా పెరిగింది. సంరక్షణ సంస్థలకు వచ్చే విరాళాల్లో మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు. అసలు ఆ సిరీస్ వ్యాఖ్యానంలో సంరక్షణ గురించిన మాటలు 6 శాతమేనని అదే పరిశోధన తేల్చింది. 2017 నాటి ‘బ్లూ ప్లానెట్ 2’ చూసి బ్రిటన్ జనం ప్లాస్టిక్ మానేశారని అందరూ అన్నారు. దాని మీదా 2020లో ఒక ప్రయోగం ప్రచురితమైంది. కొందరికి ఆ సిరీస్ భాగం, కొందరికి వేరే కార్యక్రమం చూపించి, తర్వాత ప్లాస్టిక్ ఉన్న వస్తువు, లేని వస్తువు ఎదురుగా పెట్టి ఎంచుకోమన్నారు. సిరీస్ చూసినవాళ్లకు సముద్రం గురించి తెలివిడి పెరిగింది. చెయ్యి మాత్రం ఎప్పటి వస్తువు వైపే వెళ్లింది.

మారిన చోట ఎందుకు మారిందో చూడండి. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ 2000లో వచ్చింది. గుజరాత్ తీరంలో తిమింగల సొరలను కాలేయం నూనె కోసం, మాంసం కోసం చంపడాన్ని ఆ సినిమా చూపించింది. 2001లో ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లో చేర్చారు. సినిమా కదిలించింది ఢిల్లీలో ఫైళ్లను, అది చిన్న విషయమేమీ కాదు. కానీ వేటాడే జాలరి మనసు మారింది అక్కడ కాదు. 2004లో మొదలైన ప్రచారంలో రామకథ చెప్పే మొరారీ బాపు తీరంలోని ఊళ్లకు వెళ్లి, ఈ చేప కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డ లాంటిదని చెప్పారు. ఆ మాట గుజరాతీ జాలరి ఇంట్లో అర్థమయ్యే మాట. ఆ తర్వాత వలలో చేప పడితే వల కోసి వదిలేసినవాళ్లకు వల ఖరీదుకు పరిహారం ఇచ్చారు. మరి కొన్నేళ్లకు జాలర్ల చేతికే చిన్న కెమెరాలిచ్చి, వదిలేసిన ఫొటో చూపిస్తే పరిహారం వచ్చేలా చేశారు. చట్టం, నమ్మకమున్న మనిషి నోటి మాట, కోసిన వలకు డబ్బు, ఈ మూడూ కలిశాక చేపలు బతికి బయటపడ్డాయి. మీ పల్లెల్లో మీరు చేయబోయే పనికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడదు. విదేశాల్లో బందీ ఓర్కాల (కిల్లర్ వేల్స్) మీద తీసిన 2013 నాటి ‘బ్లాక్‌ఫిష్’ తర్వాత, వాటితో ప్రదర్శనలిచ్చే సీవరల్డ్ సంస్థ 2016లో తమ దగ్గర ఓర్కాలతో పిల్లల్ని కనిపించడం ఆపేస్తామని ప్రకటించిన సంగతి చాలామంది చెబుతారు. అక్కడ ప్రేక్షకుడు చేయాల్సింది టికెట్ కొనకపోవడం ఒక్కటే. పలమనేరు రైతును మీరు అడగబోయేది అంతకంటే చాలా కష్టమైన పని.

మన చిత్తూరు జిల్లా సంగతికొస్తే, ఒక విషయం సినిమా ఎంచుకునే ముందే గుర్తుంచుకోవాలి. ఇక్కడికి ఏనుగులు తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980ల్లో వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది 1990లో. అంటే ఏనుగు పక్కన బతికే అలవాటు ఈ ఊళ్లలో ఒకటి రెండు తరాలదే. నీలగిరి పల్లెల్లో ముత్తాతల నుంచి వచ్చిన జాగ్రత్తలు ఇక్కడి పెద్దవాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకునే అవకాశం లేకపోయింది. ఆ ఖాళీని ఇప్పుడు టీవీ, యూట్యూబ్ నింపుతున్నాయి. అందుకే అవి ఏం నేర్పుతున్నాయో జాగ్రత్తగా చూడాలి.

అవి మొదట నేర్పే తప్పు దూరం. వన్యప్రాణుల్ని తీసేవాళ్లు సాధారణంగా 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్సులు వాడతారు. కంటి చూపుకు దగ్గరగా ఉండేది 50 మిల్లీమీటర్ల లెన్సు. 600 లెన్సుతో 60 మీటర్ల అవతల ఉన్న ఏనుగు, 50 లెన్సుతో 5 మీటర్ల నుంచి తీసినంత పెద్దగా కనిపిస్తుంది. దాని కనురెప్పల వెంట్రుకలు, చెవి అంచు చిరుగులు, నుదుటి మీద మట్టి అన్నీ కనబడతాయి. చూసేవాడి మనసు ఆ ఐదు మీటర్లనే నమ్ముతుంది, ఎందుకంటే వెనక నిలబడిన కెమెరామన్, అతని వాహనం, పక్కన ఉన్న గార్డు ఫ్రేములోకి రారు.

రెండోది వేగం. ఏనుగు పరుగెత్తే షాట్లు చాలావరకు స్లోమోషన్‌లో ఉంటాయి. సెకనుకు 250 ఫ్రేములు తీసి 25 ఫ్రేములుగా చూపిస్తే అసలు వేగానికి పది రెట్లు నెమ్మది. ఆసియా ఏనుగు పరుగును పరిశోధకులు కొలిస్తే గంటకు దాదాపు 25 కిలోమీటర్లు, అంటే సెకనుకు 7 మీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. 30 మీటర్ల దూరాన్ని అది నాలుగున్నర సెకన్లలో దాటేస్తుంది. అదే పరుగు స్లోమోషన్‌లో ముక్కాలు నిమిషం సాగుతుంది, చెవులు మెల్లగా ఊగుతూ, ధూళి మెల్లగా లేస్తూ. అలాంటివి ఏళ్ల తరబడి చూసినవాడికి ఏనుగంటే బరువుగా, నిదానంగా కదిలేదని లోపల స్థిరపడిపోతుంది. గుంపు దిగిందని తెలియగానే సెల్‌ఫోన్లతో గట్ల మీదికి చేరే కుర్రాళ్లు ధైర్యవంతులని మనం అనుకుంటాం. దూరం, వేగం రెండూ వాళ్లకు తప్పుగా తెలిసి ఉంటాయన్నది నా అభిప్రాయం. గుంపును అడవి వైపు మళ్లించాలని చూసే ట్రాకర్లకు ఈ జనమే పెద్ద అడ్డు. ఏనుగు వెళ్లాల్సిన దారిలోనే వీళ్లు నిలబడతారు.

దీనికి విరుగుడు మీ బడి మైదానంలోనే ఉంది. టేపుతో 30 మీటర్లు కొలిచి సున్నంతో రెండు గీతలు గీయండి. క్లాసులో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లవాణ్ణి ఆ దూరం పరుగెత్తించి స్టాప్‌వాచ్‌తో చూడండి. తర్వాత నాలుగున్నర సెకన్లకు విజిల్ ఊది, ఏనుగు అప్పటికే ఈ గీత మీద ఉంటుందని చెప్పండి. మైదానంలో పరుగు గట్టి నేల మీద, పగటి పూట. దున్నిన చేలో, చీకట్లో, భయంతో పరుగు ఎలా ఉంటుందో పిల్లలే చెప్తారు. సినిమా చూపించడానికి ముందే ఇది చేయించండి. చూసిన తర్వాత చేయిస్తే సగం ఫలితమే ఉంటుంది, అప్పటికి తెర మీది దూరం మనసులో నాటుకుని ఉంటుంది.

ఇక సంగీతం. సొర చేపలు ఈదే 60 సెకన్ల వీడియో ఒక్కటే తీసుకుని కొందరికి భయం పుట్టించే సంగీతంతో, కొందరికి ఆహ్లాదంగా ఉండే సంగీతంతో, కొందరికి శబ్దం లేకుండా చూపించారు, 2016లో అచ్చయిన పరిశోధన అది, రెండు వేల మందికి పైగా పాల్గొన్నారు. భయం సంగీతం విన్నవాళ్లు సొరలను తక్కినవాళ్లకంటే చెడ్డగా అంచనా వేశారు. బొమ్మలో తేడా ఏమీ లేదు. మన దగ్గర చిరుత వార్తలు ఏ సంగీతంతో వస్తాయో మీకు తెలుసు. ఈ ప్రయోగం మీ క్లాసులో చేయడం చాలా తేలిక. నడిచి వెళ్లే చిరుత వీడియో నిమిషం పాటుది తీసుకోండి, రెండు సెక్షన్లకు రెండు రకాల శబ్దంతో చూపించండి, ‘ఇది ఏం చేయబోతోంది?’ అని ఒక్క ప్రశ్న కాగితం మీద రాయించండి. తర్వాత రెండు సెక్షన్లనూ కలిపి కాగితాలు చదివించండి. టీవీని ఎలా చూడాలో పిల్లలకు అంతకంటే బాగా చెప్పే పాఠం లేదు. డాక్యుమెంటరీల్లో అడుగుల చప్పుడు, ఎముకలు నమిలే శబ్దం లాంటివి చాలావరకు స్టూడియోలో తర్వాత కలిపినవేనని కూడా ఆ పూటే చెప్పేయండి.

మచ్చికైన ఏనుగుల సినిమాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ జాబితాలో మొదటిది అదే అయుంటుంది. 2022లో వచ్చి 2023లో ఆస్కార్ గెలుచుకున్న ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ ముదుమలైలోని తెప్పకాడు శిబిరంలో అనాథ గున్నలను పెంచిన దంపతుల కథ. మంచి సినిమా. మావటీల కష్టాన్ని అంత గౌరవంగా చూపించినవి తక్కువ. అయినా అడవి ఏనుగులు తిరిగే పల్లెలో మొదటి సినిమాగా దాన్ని పెట్టవద్దంటాను. చింపాంజీ ఫొటోల మీద 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన ఉంది. పక్కన మనిషి నిలబడ్డ చింపాంజీ ఫొటో చూసినవాళ్లు, ఒంటరి చింపాంజీ ఫొటో చూసినవాళ్లకంటే 30 శాతానికి పైగా ఎక్కువగా ‘ఇది ఇంట్లో పెంచుకోదగ్గది’ అన్నారు. అడవిలో వాటి సంఖ్య బాగానే ఉందనుకున్నవాళ్లు కూడా 35 శాతం ఎక్కువ. పక్కన మనిషి ఉంటే చాలు, జంతువు మచ్చికైనదిగా, ప్రమాదం లేనిదిగా కనిపిస్తుంది. గున్నకు పాలసీసా పట్టే దృశ్యం చూసిన పిల్లవాడు మర్నాడు గుంపు నుంచి విడిపోయిన గున్న కనిపిస్తే దగ్గరికే వెళ్తాడు, తల్లి ఎక్కడుందో చూడడు. ఆ సినిమా చూపించదగ్గ సందర్భం వేరే ఉంది. 2025 మేలో కర్ణాటక మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి తర్ఫీదిచ్చిన మచ్చిక ఏనుగులను ఇచ్చింది. కుంకీ అంటే ఏమిటి, మావటి ఏం చేస్తాడు, అడవి ఏనుగుకూ దీనికీ తేడా ఏమిటి అని చెప్పే రోజున ఆ సినిమా పెట్టండి. చూసిన వెంటనే మావటితోనో ట్రాకర్‌తోనో మాట్లాడించండి.

పలమనేరులో చిక్కు ఏనుగులతో అయితే, పక్కనే ఉన్న తిరుపతిలో చిరుతలతో. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో ప్రాణం పోగొట్టుకుంది. ఆ తర్వాత బోన్లు పెట్టారు, చిరుతలను పట్టుకున్నారు, మధ్యాహ్నం 2 గంటల తర్వాత పిల్లలను నడకదారిలోకి పంపకూడదని నియమం పెట్టారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. ‘పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తే సరిపోతుంది కదా’ అన్న మాట అప్పుడు ఇంటింటా వినిపించింది. ఈ నమ్మకాన్ని బలపరిచేది రక్షణ కథల డాక్యుమెంటరీలు. బోను తలుపు తెరుచుకోవడం, జంతువు అడవిలోకి దూకడం, సంగీతం, అయిపోయింది. ఆ జంతువు తర్వాత ఏమైందో ఎవరూ చూపించరు. మహారాష్ట్రలోని జున్నార్ ప్రాంతంలో వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం దాన్నే లెక్క తీసింది. చిరుతలను పట్టి వేరే అడవుల్లో వదలడం మొదలెట్టాక మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. పరిచయం లేని అడవిలో పడిన చిరుత తిన్నగా కూర్చోదు, ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వస్తుంది. తిరుపతి పిల్లలకు చూపించే చిరుత సినిమాలో ఈ ముక్క లేకపోతే మీరే చెప్పాలి. దాంతో పాటు నడకదారి పక్కన పడేసే తిండి పొట్లాలు, వాటికోసం వచ్చే కుక్కలు, పందులు, వాటి వెంట వచ్చే చిరుత, ఈ వరస బోర్డు మీద గీసి చూపించాలి. పిల్లవాణ్ణి పెద్దవాళ్ల మధ్యలో నడిపించడం, గుంపుగా వెళ్లడం, తిండి మిగిలితే సంచిలో వేసుకుని పైకి తీసుకెళ్లడం మన చేతిలో ఉన్న పనులు. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం చుట్టూ 2011 నుంచి విలేకరులను కూర్చోబెట్టి చిరుతల గురించి చెప్పడంతో వార్తల్లో భాష కూడా మారింది. మన స్థానిక విలేకరులను మీ ప్రదర్శనకు పిలవమని నా సలహా. వంద మంది పిల్లలు చూసినదాని కంటే ఇద్దరు విలేకరులు చూసినది ఎక్కువ దూరం పోవచ్చు.

చిన్న జంతువులతో ముప్పు వేరే రకం. శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగ పిల్లి (లోరిస్ అనే చిన్న రాత్రి జంతువు), ఇటు నక్షత్ర తాబేలు, చూడగానే ఎత్తుకోవాలనిపించేవి. దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టమైన స్లో లోరిస్‌కు చక్కిలిగింతలు పెట్టే వీడియో 2009లో ప్రపంచమంతా తిరిగింది. దాని కింద జనం రాసిన వేల వ్యాఖ్యలను పరిశోధకులు తర్వాత విడదీసి చూస్తే, ‘నాకూ ఒకటి కావాలి’ అన్నవి చాలా ఉన్నాయి. చేతులు పైకెత్తడం ఆ జంతువు భయపడ్డప్పుడు చేసే పని అని చూసినవాళ్లకు తెలియదు. నక్షత్ర తాబేలును 2019లో వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ మొదటి అనుబంధంలోకి మార్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా ఆపేశారు, కారణం పెంపుడు జంతువుల మార్కెట్. వీటి వీడియోలు చూపిస్తే చేతిలో పట్టుకున్న దృశ్యం ఒక్కటి కూడా ఉండకూడదు. ఇంట్లో పెట్టుకోవడం నేరమని ఆ పక్కనే చెప్పాలి. దేవాంగ పిల్లిని క్షుద్రపూజల కోసం పట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి, ఎక్కడ కనిపించిందో చెప్పే బోర్డు, కొండ, గుడి ఏదీ ఫ్రేములో ఉండకూడదు. బంగారు బల్లికీ ఇదే జాగ్రత్త.

పక్షుల విషయంలో మన అదృష్టం బాగుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్లు కడతాయి, రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లకే తెలుసు. అక్కడ సినిమా నేర్పాల్సింది తక్కువ. గూళ్ల పైకి డ్రోన్ ఎగరేయకూడదని వచ్చే యాత్రికులకు చెబితే చాలు.

ఇప్పుడు ప్రదర్శన ఎలా పెట్టాలో చెబుతాను. అందరూ చేసే పెద్ద పొరపాటు వేళతో మొదలవుతుంది. పల్లెలో సినిమా అంటే రాత్రి ఏడు గంటలకు రచ్చబండ దగ్గర అనుకుంటారు. ఏనుగులు అడవి దిగేది మసక చీకటికే. ఆ వేళ జనాన్ని ఇళ్ల నుంచి రప్పించి, తొమ్మిదికి చీకట్లో తిరిగి పంపడం ప్రమాదం. పంట కోతకు దగ్గరున్నప్పుడైతే ఆ వేళకు మగవాళ్లు కాపలాకు వెళ్తారు, అసలు చూడాల్సినవాళ్లే రారు. మధ్యాహ్నం రెండున్నరకు బడి గదిలో మొదలుపెట్టి నాలుగున్నరకు ముగించండి. కిటికీలకు దుప్పట్లు కట్టండి, లేదంటే పగటి వెలుగుకు బొమ్మ తేలిపోతుంది. అరవై మంది పట్టే గదికి 3,000 ల్యూమెన్ల పైబడిన ప్రొజెక్టర్, ఆరేడు అడుగుల వెడల్పు తెల్ల గుడ్డ సరిపోతాయి. బొమ్మ కంటే శబ్దమే ఎక్కువసార్లు చెడగొడుతుంది. ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్‌ను నమ్ముకోకుండా వేరే స్పీకర్ పెట్టి, వెనక వరస నుంచి ముందే విని చూడండి. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ ఉండాలి. మధ్యలో పది నిమిషాలు ఆగితే సగం మంది లేచిపోతారు.

సినిమా 20 నుంచి 25 నిమిషాలు మించకూడదు. తెలుగు వ్యాఖ్యానం లేకపోతే శబ్దం ఆపేసి, ఆ ఊరి ట్రాకర్‌తోనో బీట్ ఆఫీసర్‌తోనో పక్కన నిలబడి మాట్లాడించండి. డబ్బింగ్ గొంతు కంటే అది ఎన్నో రెట్లు మేలు. ‘ఇదిగో ఈ చెవి ఇలా విప్పిందా, ఇక అక్కడుండకూడదు’ అని తెలిసిన మనిషి చెబితే ఊరివాళ్లు వింటారు. ముందు ఆయనతో కూర్చుని ఒకసారి సినిమా చూసి ఎక్కడ ఆపాలో, ఏం చెప్పాలో గుర్తులు పెట్టుకోండి. హక్కుల సంగతి మరిచిపోవద్దు. బడి లోపల విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చూపించడానికి కాపీరైట్ చట్టంలో వెసులుబాటు ఉంది. ఊరందరినీ పిలిచే ప్రదర్శన అయితే సినిమా హక్కులున్నవాళ్లకు రాసి అనుమతి తెచ్చుకోండి. చదువు కోసమని చెబితే ఇచ్చేవాళ్లున్నారు.

సినిమా అయిపోయాక ఉపన్యాసం వద్దు. రైతుల నుంచి మొదట వచ్చేది కోపం: ‘మా పంట పోతే ఎవరిస్తారు?’ అని. ఆ కోపం న్యాయమైనది. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది. గుంపు ఒక్క రాత్రి అరటి తోటలో దిగితే తిన్నదాని కంటే తొక్కి విరిచినదే ఎక్కువ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్ గదిలో లేకపోతే మీ ప్రదర్శన శాఖ ప్రచారంగా మిగిలిపోతుంది, తర్వాతిసారి ఎవరూ రారు. కాబట్టి ముందే రేంజ్ ఆఫీసుకు వెళ్లి, పంట నష్టం దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో, ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలో, ఎవరు వచ్చి అంచనా వేస్తారో రాయించుకుని, దరఖాస్తు ఫారాలు తెచ్చి గదిలో పెట్టండి. దెబ్బతిన్న పంటను సర్దకముందే తేదీ, సమయం కనబడేలా ఫోటోలు తీయడం ఎలాగో ఇద్దరు ముగ్గురు రైతుల ఫోన్లలో చేసి చూపించండి. గుంపు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నెంబరు అందరి ఫోన్లలో అక్కడే ఎక్కించండి. ఆ నెంబరుకు మీరు ముందురోజు రాత్రి చేసి చూసి ఉండాలి. ఎత్తని నెంబరు ఇస్తే సినిమా వల్ల వచ్చిన మంచి కూడా పోతుంది.

కరెంటు తీగల సంగతి అదే గదిలో మాట్లాడాలి. బెదిరింపుగా మొదలెట్టవద్దు. సోలార్ కంచె క్షణకాలం పాటు ఆగి ఆగి కరెంటు వదులుతుంది, జంతువు అదిరి వెనక్కి పోతుంది. లైను నుంచి నేరుగా లాగిన తీగలో కరెంటు ఆగకుండా పారుతుంది, తగిలినదాన్ని పట్టేసి చంపుతుంది. ఏనుగుకు పెట్టిన తీగ తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషికీ తగులుతుంది. ఈ తేడాను బొమ్మ గీసి చెబితే సినిమాలో ఏ దృశ్యం కంటే ఎక్కువగా పనికొస్తుంది.

ఫలితం కొలవాలని కూడా అడిగారు. ‘ఏనుగులను కాపాడాలా?’ అని అడగవద్దు. టీచరు అడిగితే అందరూ కాపాడాలనే అంటారు. ‘మీ చేను గట్టున ఏనుగు నిలబడి ఉంది. మీరు మొట్టమొదట చేసే పని ఏమిటి?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. సినిమాకు వారం ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి, పంట కాలం ముగిశాక మరోసారి అడగాలి. అయిన వెంటనే అడిగితే ఉత్సాహం కనబడుతుంది తప్ప మార్పు కనబడదు. అడిగేవాళ్లు ప్రదర్శన పెట్టినవాళ్లు కాకూడదు. దొంగ కరెంటు గురించి ‘మీరు పెట్టారా’ అని ఎవరినీ అడగవద్దు. ‘మీ ఊళ్లో పది మంది రైతులుంటే ఎంతమంది పెడతారు’ అంటే కొంచెం నిజం బయటికొస్తుంది. పేర్లు రాయవద్దు.

సినిమా చూడని ఊళ్లు కొన్ని పోలికకు ఉండాలి, లేకపోతే ఆ నెలలో ఏనుగు దాడి జరిగి వైఖరి మారినా సినిమా వల్లేననుకుంటారు. సరైన జవాబు చెప్పేవాళ్లు 50 శాతం నుంచి 70కి పెరిగారా అని తేల్చాలంటే చూసినవాళ్లు, చూడనివాళ్లు చెరో వంద మంది దాకా కావాలి. 50 నుంచి 60కి పెరుగుదలను పట్టుకోవాలంటే చెరో నాలుగు వందలు. ఆ వంద మందినీ ఒకే ఊళ్లో తీసుకోవద్దు. ఒకే ఊరివాళ్లు ఒకరి మాట ఒకరు వింటారు, లెక్క చెడుతుంది. ఐదారు ఊళ్లలో ఇరవై మంది చొప్పున తీసుకోవడం మేలు. మాటల కంటే పనుల లెక్క గట్టిది: గుంపు వచ్చినప్పుడు శాఖకు వచ్చిన ఫోన్లు, ఎంతసేపటికి చేశారు, పంట నష్టం దరఖాస్తులు ఎన్ని, గట్ల మీద జనం ఎంతమంది చేరారని ట్రాకర్లు చెప్పింది. పోలిక ఊళ్లకు కూడా చివర్లో అదే సినిమా చూపించండి, వాళ్లను వదిలేయడం న్యాయం కాదు.

ఏడాది పని చేశాక మీ పిల్లలతో సొంతంగా ఒకటి తీయించవచ్చు. పది పన్నెండు నిమిషాలు చాలు. అభయారణ్యం లోపల తీయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి, జంతువుకూ దాని చోటుకూ ఇబ్బంది కలగకూడదన్నది షరతు. దరఖాస్తు అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసు ద్వారా పెట్టుకోండి. అసలు అడవిలోకి వెళ్లకుండానే మంచి సినిమా అవుతుంది: తొక్కిన టమోటా తోట, ఆ ఇంటి ఆడమనిషి చెప్పే లెక్క, రాత్రంతా కాపలా కాసిన ట్రాకర్ మాట, తీగ తీసేసిన రైతు. ఏనుగు షాట్లు శాఖ దగ్గర అడిగి తీసుకుని, ప్రతి షాట్ మీద అది ఎన్ని మీటర్ల నుంచి తీసిందో అంకె వేయండి. స్లోమోషన్ వాడకండి. వాట్సాప్‌లో పంపేందుకు రెండేసి నిమిషాల ముక్కలు చేయండి, ఏనుగులు ఆ చోటు దాటి వెళ్లాకే పంపండి, చివరి తెర మీద రేంజ్ ఆఫీసు నెంబరు కనీసం పది సెకన్లు ఉంచండి, రాసుకోవడానికి అంత సమయం పడుతుంది.